సోంపు ముక్కలు తిన్న ఊరు

పందొమ్మిది వందల అరవై నాలుగు, నవంబరు పదకొండు, బుధవారం. సన్ మార్తీనో పండుగ. ఆ రోజు ఏం తిన్నారని మోంతెఫోస్కో అనే ఆ కొండ ఊళ్ళో ఎవరిని అడిగినా తడుముకోకుండా చెప్పేస్తారు. చిల్లుల పెనం మీద కాల్చిన చెస్ట్‌నట్ కాయలు. ఉల్లిపాయతో ఉడికిన చిక్కుడు గింజలు. బొగ్గుల మీద చిటపటలాడిన పంది మాంసం సాసేజీలు. వాటన్నిటికంటే ముందు, సహకార సంఘం నేలమాళిగలో పొడవాటి బల్ల మీద, ఆలివ్ నూనెలో ఉప్పూ మిరియాల పొడీ కలిపిన గిన్నెల చుట్టూ పేర్చిన పచ్చి సోంపు గడ్డ ముక్కలు, సోంపు మొక్క మొదట్లో ఊరే గడ్డవి. తెల్లగా, చల్లగా, కొరికితే కరకరలాడుతూ.

ఆ ముక్కలే కొంప ముంచాయి.

ఏటా ఆ పండుగనాడు కొత్త వైను పీపాలు తెరుస్తారు. సంఘం సభ్యులు గుక్కకీ గుక్కకీ మధ్య ఉప్పులేని రొట్టె నములుతూ రుచి చూస్తారు. మొదటి గ్లాసు అర్జియా స్పదోనిది. ఊరి బడిలో తలలు నెరిసినవాళ్ళక్కూడా అక్షరాలు దిద్దించిన పంతులమ్మ ఆమె. సభ్యులందరిలోకీ పెద్దది. ఆమె తాగి మాట చెప్పాకే మిగతావాళ్ళు. ఈ ఏడు సంఘం అధ్యక్షుడు ఒత్తొరీనో బెల్లగంబ ఒక ప్రతిపాదన పెట్టాడు. మైదానం నుంచి ట్యాంకర్లలో చవక వైను తెప్పించి, మోంతెఫోస్కో పేరుతోనే సీసాల్లో నింపి అమ్మాలట. "రెండూ పక్కపక్కన పెడతాను. తేడా తెలిస్తే వద్దనండి, మళ్ళీ నోరెత్తను" అన్నాడు. మొదటి సోంపు ముక్క తనే నూనెలో ముంచి అర్జియా చేతికిచ్చాడు. ఆమె తిన్నది. రెండు గ్లాసులూ తాగింది. రెండూ మెత్తగా, తియ్యగా గొంతు దిగాయి.

"నాకు తేడా తెలియడం లేదు" అన్నది. ప్రతిపాదనకు సరేనంటూ బల్ల చుట్టూ చేతులు లేచాయి.

మర్నాడు పొద్దున, మిగిలిపోయిన ట్యాంకరు వైను సీసాను పండుగ సందట్లో కోటు కింద దాచుకొచ్చిన సెత్తీమియో అనే ముసలి రైతు, రొట్టె కొరికి ఒక గుక్క తాగి, ఇంటి గోడ మీదే ఉమ్మేశాడు. పులుపు. పులుపు వెనక తుప్పు వాసన. సాయంత్రానికల్లా ఊళ్ళో సగం మంది ఆ సీసాలోంచి తలా ఒక చుక్క నాలుక మీద వేసుకుని మొహాలు మాడ్చుకున్నారు.

ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక పట్టణం నుంచి నోటరీ వస్తాడు. తీర్మానం మీద ముద్ర పడుతుంది. ఆ తర్వాత ఎవరెంత మొత్తుకున్నా, ఆ కొండ పేరు ఆ పులుసునీళ్ళదే.

*

శుక్రవారం మధ్యాహ్నం చెసీరా పూటకూళ్ళ ఇంట్లో కుర్చీ ఖాళీ లేదు. మాంసం ముట్టని రోజు కాబట్టి ఎండు చేపలు, బంగాళాదుంపలు ఉడుకుతున్నాయి. కిటికీ పక్కన ఠాణా అధికారి కొర్సీని ఒక్కడే కూర్చుని, ముల్లు తరవాత ముల్లు ఏరి పళ్ళెం అంచున పేరుస్తున్నాడు. దక్షిణాది మనిషి, నెమ్మదస్తుడు. ఊళ్ళో అందరూ ఆయన్ను హోదా పేరుతో మరెషాల్లో అనే పిలుస్తారు. ఫిర్యాదు ఇవ్వాలంటే ఆయనకే ఇవ్వాలి. కాని ఫిర్యాదులో ఏమని చెప్పాలన్న దగ్గరే అందరూ ఆగిపోయారు.

"ఇందులో చెప్పేదేముంది!" సెత్తీమియో బల్ల మీద గుద్దాడు. "ఫ్రెగారె! మనకి టోపీ పెట్టాడు. అంతే మాట."

"తినే చోట ఆ బూతు మాటేంటయ్యా తాతా," అంటూ చెసీరా గరిటె చూపించింది. "ఇంబ్రొల్యారె అను, మర్యాదగా ఉంటుంది. దారపు ఉండని చిక్కు చేసినట్టు మనల్ని చిక్కు చేశాడు."

"మర్యాదా? వాడికా? వాడు మనల్ని గుండ్రంగా తిప్పి తిప్పి వాడి వాకిట్లోనే నిలబెట్టాడు. దాన్నేమంటారు పంతులమ్మా?"

"రజ్జిరారె," అన్నది అర్జియా.

"మా ఆవిడైతే ఇంకోటి అంది. నూలు చుట్టే రాట్నం ఉంటుందే, దానికి చుట్టేసినట్టు మనల్ని చుట్టేశాడట."

"అబ్బిందొలారె."

"అదే! ఇంకా డబ్బా మాట కూడా ఒకటుంది, ఖాళీ డబ్బా అంటగట్టడం…"

"నీకు అంటగట్టింది నిండు డబ్బానే కదా తాతా, కోటు కింద పెట్టుకుని మరీ మోసుకొచ్చావు," అన్నది చెసీరా. పూటకూళ్ళ ఇల్లంతా ఒక్క క్షణం నవ్వింది. మరుక్షణం ఎవరికీ నవ్వు రాలేదు.

ఎందుకంటే అందరి మనసులో ఉన్న మాట ఎవరి నోటి నుంచీ రాలేదు. సోంపు తినిపించి పాడైన వైను అంటగట్టడం ఈ కొండవాళ్ళకు తెలియని విద్య కాదు. అంకోనా రేవు నుంచి వచ్చిన బేరగాళ్ళకు వాళ్ళ తాతలు చేసింది అదే. సోంపు నాలుక మీద ఉన్నంతసేపు ఏది తాగినా తియ్యగానే ఉంటుంది. మోసం చేయడానికి వాళ్ళ భాషలో ఉన్న మాటల్లో ఒకటి ఈ గడ్డ పేరు మీదే పుట్టిందని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. తాతలు మీసాలు దువ్వుకుంటూ చెప్పిన ఆ కథలు విని కడుపుబ్బ నవ్విన పిల్లలే, ముసలివాళ్ళయి, సొంత ఊరి బల్ల దగ్గర వరస కట్టి కూర్చుని ఆ ముక్కలే నమిలారు. బయటివాడు పెట్టి ఉంటే వాసన చూసేవాళ్ళు. తమవాడు పెడితే ఎవరు చూస్తారు?

అర్జియాకు కోపంగా ఉంది. ఒత్తొరీనో మీద ఎంతో, తన మీద అంతకు రెండింతలు. నలభై మంది తన నాలుకను నమ్మి చేతులెత్తారు. బడిలో చెప్పడం మానేశాక ఆమెకు ఊళ్ళో మిగిలిన గౌరవం ఆ ఒక్క గ్లాసే. దాన్ని తన చేత్తోనే తను బోర్లించింది.

చెసీరా ఒక గిన్నెడు వేడి చారు తెచ్చి ఆమె ముందు పెట్టింది. అడగలేదు, డబ్బుల మాట ఎత్తలేదు. చెంచా ఆమె చేతికి అందేలా తిప్పి పెట్టి వెళ్ళిపోయింది.

కొర్సీని నోరు తుడుచుకుని ఇటు తిరిగాడు. "మీ మాటలన్నీ విన్నాను. మా వైపు ఇంకో పది ఉన్నాయి, అవీ కావాలంటే చెబుతాను. కాని చట్టంలో నాకు ఒక్కటే మాట ఇచ్చారు. త్రుఫ్ఫ. ఒకడు ముందే పథకం వేసి, నాటకం ఆడి, అవతలివాణ్ణి పొరపాటులోకి తోసి, దాని మీద లాభం కొట్టేస్తే, అది. మిగతావి మీరు ఎన్నైనా అనుకోండి, నేను తలుపు కూడా తట్టలేను."

"పథకం కాకపోతే మరేంటి సార్?" సెత్తీమియో లేచాడు. "ఏనాడైనా ఆ బల్ల మీద సోంపు పెట్టారా? మా నాన్న నాటి నుంచీ రొట్టే!"

"సోంపు పెట్టమని అతనే చెప్పాడని ఎవరైనా సాక్ష్యం చెబుతారా? అప్పుడు నేను ఇవాళే కదులుతాను. ఆదివారం నోటరీ వచ్చే లోపు తీర్మానం ఆపించగలను. పండుగ కదా అని ఎవరో అభిమానంతో తెచ్చి పెట్టారనుకోండి, అప్పుడు మీరు మోసపోలేదు. మీకు మీరే నోరు కట్టుకున్నారు."

అంతలో తలుపు తోసుకుని ఒత్తొరీనో బెల్లగంబ లోపలికి వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి. ఒంటె రంగు పొడుగు కోటు, నున్నగా దువ్విన జుట్టు. ఇంతమంది తన గురించే మాట్లాడుతున్నారని తెలిసి కూడా, తన పెళ్ళికి వచ్చిన చుట్టాల్ని పలకరించినట్టు పలకరించాడు.

"ఏం తాతా, గోడకి సున్నం వేయించావా? ఉమ్మేశావట కదా. చెసీరమ్మా, నాకో కాఫీ. పంతులమ్మగారూ, నమస్కారం."

అర్జియా లేచింది. మూడో తరగతిలో ఇతణ్ణి మొదటి బెంచీ మీద కూర్చోబెట్టింది తనే. మోసం చేయడానికి ఎన్ని మాటలున్నాయో రాయమంటే తరగతిలో అందరికంటే ఎక్కువ రాసి తెచ్చినవాడు కూడా ఇతనే. ఆ వేళ మెచ్చుకుని వాడి తల నిమిరింది. ఇప్పుడు ఆ చేత్తోనే దగ్గరికి రమ్మని సైగ చేసింది.

"ఒరేయ్ ఒత్తొరీనో. ఇలా రా."

ఆ 'ఒరేయ్'కి పళ్ళేల మీద చెంచాలు ఆగాయి. ఒత్తొరీనో నవ్వుతూనే వచ్చాడు.

"చెసీరా, రొట్టె తే. ఉప్పులేనిది. సెత్తీమియో, నీ సీసాలో ఎంతుంది?"

"అడుగున నాలుగు వేళ్ళ ఎత్తు ఉందమ్మా."

ఆమె రొట్టె తుంచి ఒత్తొరీనో ముందు పెట్టింది. గ్లాసులో వైను పోసింది. "తిను. తిని, ఇది తాగు. తాగి, ఇది మా కొండ మీద పండిందని నా కళ్ళలోకి చూసి చెప్పు. చెబితే ఆదివారం నేనే మొదటి సంతకం పెడతాను."

ఒత్తొరీనో గ్లాసు వంక చూశాడు. "కడుపులో పుండు, పంతులమ్మగారూ. డాక్టరు ముట్టుకోవద్దన్నాడు."

"బుధవారం నాడు నాలుగు గ్లాసులు తాగావు కదరా! అప్పుడు పుండు ఊరెళ్ళిందా?" సెత్తీమియో గట్టిగా అరిచాడు.

కిటికీ దగ్గర్నుంచి కొర్సీని వచ్చి, ఎవరినీ అడగకుండా ఆ రొట్టె కొరికి, గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగాడు. కాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు. మింగాడు. గ్లాసు చప్పుడు కాకుండా కింద పెట్టాడు. "మా నాన్న మేకల కాపరి. ఇలాంటిది ఆయన కాళ్ళు కడుక్కోవడానికి కూడా వాడేవాడు కాదు" అన్నాడు.

గోల లేచింది. అర్జియా చెయ్యెత్తింది. బడి గదిలో చెయ్యెత్తినప్పటి లాగే అందరూ ఆగారు.

"నువ్వు మా నాలుకలకు గంత కట్టావురా. మా పొలాల్లో రాళ్ళు ఏరినవాళ్ళు, మంచు కురిసినప్పుడు తీగలకి గడ్డి చుట్టినవాళ్ళు, వాళ్ళ నోళ్ళకే. వైను పాడైతే ఇంకో ఏడు పండుతుంది. మా నోటి మాట పాడైతే ఏం పండుతుంది? రేపు ఈ ఊరి పేరున్న సీసా తాగి పట్టణంలో ఎవడో ఉమ్మితే, వాడు ఉమ్మేది నీ మీద కాదు. వీళ్ళ మీద. ఇదిగో ఈ సెత్తీమియో మీద. ఈ చెసీరా మీద. వీళ్ళ చేతులు ఎత్తించింది నా నోరు. నా నోటితో ఆ పని చేయించింది నువ్వు. మూడో తరగతిలో నీకు ఆ మాటలు నేర్పింది, ఎదుటివాడు చేస్తే గుర్తుపడతావని. చేసి చూపించమని కాదు!"

ఒత్తొరీనో మొహంలో నవ్వు చెరిగింది. మొదటిసారి కోపం కనిపించింది.

"మీ కొండ, మీ తీగలు! పిల్లలు ఒక్కొక్కరే తూరినో కార్ల ఫ్యాక్టరీకి పోతున్నారు పంతులమ్మగారూ. తీగలు కత్తిరించేవాడు ఏడీ? ట్యాంకరు రాకపోతే మూడేళ్ళలో ఈ సంఘం తలుపులకి తాళం. నేను ఊరిని బతికిస్తున్నాను."

"అయితే ఆ మాటే చెప్పి చెయ్యెత్తమనాల్సింది. బతికించేవాడు నాలుకలకు గంత కట్టడు."

"గంత, గంత! నేనెవరి నోట్లో కుక్కాను? బల్ల మీద ఉంటే తిన్నారు. మరెషాల్లోగారూ, మీరు సాక్షి. సంఘం సొమ్ముతో నేను ఒక్క సోంపు గడ్డ కొనలేదు. కొనమని ఎవరికీ చెప్పలేదు. ఎవరో అభిమానంతో బుట్టతో పంపించారు."

"ఎవరో అంటే?" కొర్సీని అడిగాడు.

ఒత్తొరీనో కోటు గుండీలు పెట్టుకున్నాడు. తొందరేమీ పడలేదు.

"ఆ బుట్ట ఇంకా నేలమాళిగ వంటగదిలోనే ఉంది. పిడి విరిగితే నీలం గుడ్డ చుట్టి ఉంటుంది, పాత ఏప్రను గుడ్డ. ఎవరిదో నేను చెప్పడం ఎందుకు? పంతులమ్మగారినే అడగండి. ఆ ఏప్రను ఆవిడదే."

అందరి తలలూ అర్జియా వైపు తిరిగాయి. ఒత్తొరీనో కాఫీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

ఆ గుడ్డ చుట్టి కుట్టింది ఆమే, పోయిన వేసవిలో. ఆ బుట్టతో తోటలోకి వెళ్ళేది ఆ ఇంట్లో ఆమె కాక ఇంకొక్కడే. ఆమె తమ్ముడు దుయీలియో.

"నాకు తెలియదు" అన్నది అర్జియా. ఆ మాట ఎవరు నమ్మారో, ఎవరు నమ్మలేదో చూడాలనిపించలేదు. ఆమె శాలువా కప్పుకుంటుంటే వెనక నుంచి ఎవరో అది భుజం మీద నుంచి జారకుండా సరిచేశారు. తిరిగి చూస్తే సెత్తీమియో. అతనూ ఆమె మొహంలోకి చూడలేదు. "దారి జారుడుగా ఉందమ్మా, మెల్లిగా" అన్నాడు.

*

పొద్దు గూకే వేళకు దుయీలియో వంటింట్లో ఉన్నాడు. అక్కకంటే పన్నెండేళ్ళు చిన్న. పెళ్ళి చేసుకోలేదు. అమ్మ పోయినప్పటి నుంచీ అర్జియానే పెంచింది. ఆ ఇంటి ద్రాక్షతోట అతని చేతుల మీదే ఉంది. నడుము వంగిపోయి, నిలబడి పొయ్యి దగ్గర సూపు కలుపుతుంటే కూడా ఒక చెయ్యి గోడకు ఆనించుకోవలసి వస్తున్నది.

ఆమె శాలువా కూడా తియ్యలేదు.

"సోంపు ఎవరిచ్చార్రా?"

అతను గరిటె ఆపాడు. ఇటు తిరగలేదు. "విన్నావన్నమాట."

"ఊరంతా విన్నది. మరెషాల్లో ముందు విన్నాను. వాడు నా ఏప్రను గుడ్డ ఆనవాలు చెప్పి మరీ వెళ్ళాడు. నువ్వే ఇచ్చావా? అభిమానంతో ఇచ్చావా? మన తోటలో ముందుగా ఊరినవి, అందరూ తింటారని?"

అవునని ఒక్క మాట అంటే చాలు. అమాయకంగా ఇచ్చాడని ఆమె నమ్మేసేది. దుయీలియో పొయ్యి మీది కుండ దింపి, గుడ్డతో చేతులు తుడుచుకుని, ఎదురుగా కూర్చున్నాడు.

"వాడే అడిగాడక్కా. పండుగకి వారం ముందు. ఎందుకో కూడా చెప్పాడు. తెలిసే ఇచ్చాను."

అర్జియాకు కుర్చీ ఎక్కడుందో తెలియలేదు. చేత్తో తడుముకుని కూర్చుంది.

"తెలిసే?"

"నా నడుము చూడు. ఈ చలికాలం కత్తిరింపు నా వల్ల కాదు. కూలివాడు దొరకడు. ట్యాంకర్లు వస్తే నాకు తూకం దగ్గర కుర్చీ పని ఇప్పిస్తానన్నాడు. కూర్చునే పనక్కా. పుట్టి బుద్ధెరిగాక నేను కూర్చుని చేసిన పని ఏదైనా ఉందా?"

"నాతో చెబితే…"

"చెప్పానే. పోయినేడు చెప్పాను. 'నాన్న నాటిన తీగలు' అన్నావు. అంతే. ఏటా నువ్వు గ్లాసు ఎత్తి బాగుంది అంటావు, అందరూ చప్పట్లు కొడతారు. ఆ గ్లాసులోది చేసినవాణ్ణి ఎవరైనా ఒక్కసారి, ఎలా ఉందిరా అని అడిగారా? నువ్వు అడిగావా?"

అతని గొంతులో కోపం లేదు. అదే ఆమెను కోసేసింది. పొద్దున్నుంచి ఊళ్ళో అందరి కోపం భుజాన వేసుకుని తిరిగిన మనిషికి, ఇప్పుడు దాన్ని ఎక్కడ దించాలో తెలియలేదు. అయినా తగ్గలేదు.

"నలభై ఇళ్ళురా, దుయీలియో! నీ నడుము నొప్పి నలభై ఇళ్ళ వాళ్ళు మొయ్యాలా? నన్ను వాడి చేతిలో కీలుబొమ్మను చేశావు. పరాయివాడు చేస్తే వాణ్ణి తిట్టడానికి వంద మాటలున్నాయి నాకు. నువ్వు చేస్తే ఏ మాట అనాలి?"

"ఏదన్నా పడతాను." అతను తల వంచుకున్నాడు. "నీ కుర్చీ దగ్గర రొట్టె పెట్టానక్కా ఆ రోజు. ఎవరూ చూడకుండా. నువ్వొక్కదానివైనా రొట్టె తింటే పసిగడతావని. పసిగట్టి అరుస్తావని కూడా అనుకున్నాను. సగం మనసు అదే కోరుకుంది. వాడు ముక్క నీ చేతికిచ్చేసరికి…"

మాట పూర్తి కాలేదు. బయట ఎవరింటి దగ్గరో కోళ్ళను గూట్లోకి తోలుతున్న చప్పుడు. వంటింట్లో వెలుగు తగ్గింది. ఇద్దరిలో ఎవరూ లేచి దీపం వెయ్యలేదు.

"మరెషాల్లోకి సాక్షి కావాలి," అన్నది అర్జియా చివరికి. "వాడు ముందే అడిగాడని చెప్పే ఒక్క మనిషి. ఆ ఒక్కడూ ఉంటే ఆదివారం ముద్ర పడదు."

"తెలుసు."

"చెబితే నువ్వూ అందులో ఉన్నట్టే. వాడితో పాటు నిన్నూ పట్టుకెళతారు."

"అదీ తెలుసు."

దుయీలియో సూపు ఆమె పళ్ళెంలో పోశాడు. చల్లారకుండా దాని మీద ఇంకో పళ్ళెం బోర్లించాడు. గోడ పట్టుకుని లేచాడు.

"నువ్వు చెప్పమంటే రేపు పొద్దున్నే ఠాణాకి వెళతాను. వద్దంటే నోరు విప్పను, వాడు బుట్ట పేరు చెప్పి నిన్ను ఊరి ముందు నిలబెట్టినా సరే. నా అంతట నేను నిర్ణయించుకునే ధైర్యం నాకు లేదు. ఈసారి కూడా మొదటి మాట నీదేనక్కా."

ఆమె జవాబు కోసం ఒక క్షణం నిలబడ్డాడు. ఆమె బోర్లించిన పళ్ళెం మీద చెయ్యి వేసి కూర్చుంది. అతను తల ఊపి, తన గదిలోకి వెళ్ళి, అక్క ఉలిక్కిపడకుండా మెల్లిగా తలుపు మూసుకున్నాడు.